వాగు అని రాసిన చోట

పోచుబాయి సంచిలోంచి పదకొండు నోటుబుక్కులు తీసింది.
రెండింటికి అట్టల్లేవు. ఒకదాన్ని చెదలు తిన్నాయి.
అన్నింట్లోనూ జరమే.
పేరు, ఊరు, వేలు పొడిచిన తారీఖు,
పట్టీ మీద ఒక గీతా, రెండు గీతలా,
ఇచ్చిన గోలీలు.
కొన్ని పేజీలు తెలుగు, కొన్ని మరాఠీ.
చేతికి తొందరున్నప్పుడు ఒకే పేరులో
సగం తలకట్టు, సగం పైగీత.

అసరెల్లి దవాఖానలో కరెంటున్న రెండు గంటల్లో
పేజీ పేజీ ఫోటో తీశాను.
నాలుగొందల ముప్ఫై ఆరు.
తర్వాత ఆ కొత్త ఏఐని అడిగాను, మనిషిని అడిగినట్టే:
"జరాలన్నీ నెలవారీగా గీసి చూపించు. ఊరికో రంగు."

పోచుబాయి చాయ్ సాసర్లో పోసుకుంది.
ఊదింది.
మొదటి గుటక ఇంకా గొంతు దిగలేదు,
పదకొండేళ్లు తెర మీద లేచి నిలబడ్డాయి.

"గింతేనా?" అంది.
ఇంత తొందరగానా అనో,
ఇంత చిన్నగానా అనో, నాకు తెలియలేదు.

ఏడాదికో మూపురం.
పోలా పండక్కి రంగులు పూసిన ఎడ్లు
గోడ వెనక వరసగా నడిచిపోతున్నట్టు.
"తెరలు పంచిన రోజులు కూడా పెట్టు" అన్నాను.
పదకొండు నల్ల చుక్కలు పడ్డాయి
ప్రతిసారీ మూపురం దిగిపోయిన చోట,
ఎద్దు దాటిపోయాక కంచె వేసినట్టు.

సాసరు కింద పెట్టింది.
"ఆ దోమతెరలు ఏటేటా నేనే మోసిన గదా,
తునికాకు కట్టల తీరు, నెత్తి మీద.
పొద్దు దాటినంక మోస్తున్ననని ఎవ్వలు చెప్పలే."

ఎవరు చెప్తారు, రాసింది ఆమే.
ఒక పుస్తకంలో జరం, ఇంకో పుస్తకంలో తెరలు.
రెండూ ఒకే సంచిలో
ఒకదాన్నొకటి చూసుకోకుండా అడవంతా తిరిగాయి.

నేను మురిసిపోతున్నాను.
సాయంత్రంలోగా సిరొంచకు పంపేస్తే, రేపు మీటింగులో...
ఆమె వేలు ఆరో మూపురం మీద ఆగింది.
అక్కడ గీత తుంపులు తుంపులుగా
మెత్తగా కిందికి దిగుతోంది.

"ఇదేంది?"
"లెక్క దొరకని చోట అదే అంచనా వేసి కలిపిందక్కా,
ముందు వారం, వెనక వారం చూసి."
"దొరకకపోవుడేంది? రాసిన గదా!"

ఆరో పుస్తకం తెరిచింది. ఆగస్టు.
అంకెల్లేవు.
పందొమ్మిది తారీఖుల పక్కన
పైనుంచి కిందికి ఒకటే మాట:
వాగు.
వాగు.
వాగు.
ఒకచోట అక్షరం నీళ్లకు ఉబ్బింది.

అంకె కాదని అది పక్కన పెట్టేసింది.
దాన్ని ఏమనను?
ఆ పేజీ నేనూ ఫోటో తీశాను.
చదవలేదు.

"ఆ దినాలు అవతలి గడ్డ మీద
ఎందరికి జరమొచ్చిందో నాకు తెల్వది.
తెల్వనిదాన్ని తగ్గిందని గీసింది.
తుడిచెయ్యి."

తుడిచేశాను. అంటే, తుడిచెయ్యమని చెప్పాను.
గీత తెగి, అటొక గట్టు ఇటొక గట్టు అయింది.

"నడుమ రాయి."
"ఏమని?"
నన్ను చూసింది,
అంత చదువూ ఎటు పోయింది అన్నట్టు.

కింద మరాఠీలో నెలలు,
పక్కన ఇంగ్లీషు అంకెలు,
నడుమ తెలుగులో రెండక్షరాలు.

మర్నాడు సిరొంచలో పెద్దసారు
నల్ల చుక్కల దగ్గర చాలాసేపు ఆగాడు.
తెరలు మే నెలలోనే, అని కాగితం మీద రాసుకున్నాడు.
రాసుకోవడం వరకే నేను చూశాను.
తర్వాత కళ్లద్దాలు పైకి తోసి
తెగిన చోట వేలు పెట్టి "హే కాయ్ ఆహే?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు
వెనక బల్ల దగ్గర పోచుబాయి లేచింది.
మరాఠీలో మొదలుపెట్టింది,
నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేసరికి తెలుగైంది,
నడుము దాటేసరికి ఇంటిమాట అయింది,
మా ఎవరికీ రానిది.

సారు చేతిలో పెన్ను అలాగే ఉంది.
అందులో ఎంత రాసుకున్నాడో
నాకు తెల్వది.